తొలి కాన్పు కష్టమని తెలిసినప్పుడు ఇంట్లో మాట్లాడుకోవాల్సిన మాటలు

(తెనాలిలో గర్భిణులు, వారి కుటుంబాల కోసం జరిగిన సమావేశంలో ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కడుపుతో ఉన్న అమ్మాయిలు ముందు వరసల్లోకి వచ్చి కూర్చోండి. కాళ్ళు వేలాడేయకండి, ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని చాపుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. మధ్యలో బాత్రూమ్‌కి వెళ్ళాలంటే మొహమాటపడకుండా లేచి వెళ్ళండి. నేను మీతో ఎంత మాట్లాడతానో, మీ వెనక కూర్చున్న అమ్మలతో, అత్తగార్లతో, గోడవారన నిలబడ్డ అబ్బాయిలతో కూడా అంతే మాట్లాడతాను.

ముప్పై రెండేళ్ళు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పురిటి వార్డుల్లో పనిచేశాను. ఎన్ని కాన్పులు చూశానో లెక్క పెట్టుకోలేదు. కానీ ఇవాళ చెప్పేది వార్డు గురించి కాదు. మూడేళ్ళ కిందట మా అమ్మాయి తొలి కాన్పు. అన్నాళ్ళూ లేబర్ రూమ్ తలుపుకి లోపలి వైపు ఉన్న నేను, ఆ రోజు మొదటిసారి బయటి వైపు నిలబడ్డాను. అక్కడ నిలబడ్డాకే నాకు అర్థమైన సంగతులు కొన్ని ఉన్నాయి. అవి చెప్పాలనే వచ్చాను.

మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటుంది, ఉద్యోగం చేస్తుంది. కడుపు నిలిచిందని తెలియగానే నేను డాక్టరుకి చెప్పమన్న మొదటి సంగతి నా సొంత కథే. నాకు తొలి కాన్పులో, అంటే తను పుట్టినప్పుడే, బీపీ బాగా పెరిగింది. తల్లికి అలా వచ్చి ఉంటే కూతురికి వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. తొలి కాన్పు కావడం కూడా ఒక కారణమే. బరువు ఎక్కువగా ఉండటం, కవలలు, ముందు నుంచీ షుగరో బీపీయో కిడ్నీ జబ్బో ఉండటం, వయసు 35 దాటడం, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. నా సంగతి చెప్పగానే వాళ్ళ డాక్టరమ్మ పన్నెండో వారం నుంచి రాత్రిపూట ఒక చిన్న ఆస్పిరిన్ మాత్ర రాశారు. ఇది ఎవరికి వారు కొనుక్కుని వేసుకునే మాత్ర కాదు. కానీ అవసరమైన వాళ్ళకి పదహారో వారం లోపే మొదలుపెడితే ఉపయోగం ఎక్కువ. అందుకే మీ అమ్మల్ని, పెద్దమ్మల్ని అడగండి, వాళ్ళ కాన్పులు ఎలా జరిగాయో. అమ్మలూ, మీరు కూడా దాచకండి. 'ఆ రోజుల్లో నాకు ఫిట్స్ వచ్చాయి, బతికి బయటపడ్డాను' అని తొమ్మిదో నెలలో చెప్పిన తల్లుల్ని నేను చూశాను. మొదటి నెలలో చెప్పి ఉంటే ఆ పిల్లకి ఎంత మేలు జరిగేదో.

మన ఇళ్ళల్లో దీన్ని పూర్వం గుర్రపువాతం అనేవారు. ఫిట్స్ వచ్చాక పెట్టిన పేరు అది. ఫిట్స్ రాకముందే చాలాసార్లు బీపీలో, మూత్రంలో సంకేతాలు కనిపిస్తాయి. ఇరవయ్యో వారం దాటాక బీపీ 140/90 గానీ ఆపైన గానీ ఉండి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే దాన్ని ప్రీ ఎక్లాంప్సియా అంటారు. చాలామందికి మొదట్లో ఏ బాధా ఉండదు. నవ్వుతూ తిరుగుతూ ఉంటారు. చేతికి బీపీ పట్టీ కట్టి చూస్తే తప్ప తెలియదు.

పట్టీ గురించి ఒక మాట చెప్పాలి. మా అమ్మాయికి ఆరో నెలలో ఒక చోట చూపిస్తే, ఆ రోజు రద్దీలో చేతికి పట్టీ కట్టకుండానే పుస్తకంలో 120/80 అని రాసేశారు. 'కట్టనే లేదమ్మా' అని తను తర్వాత చెప్పింది. ఆ తప్పు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది, ఎందుకంటే రద్దీ అంటే ఏమిటో నాకు తెలుసు. రద్దీ ఉన్న రోజే ఆ నిమిషం ఎక్కువ అవసరం. మీరు వెళ్ళిన ప్రతిసారీ బీపీ చూశారా, బరువు చూశారా, మూత్రం పరీక్ష చేశారా అని గమనించుకోండి. చూడకపోతే 'సిస్టర్, బీపీ చూడలేదు' అని అడగండి. అడిగితే కోపగించుకునే వాళ్ళు ఒకరిద్దరు ఉంటారు, పర్వాలేదు, అడగండి.

ఇరవై ఏడో వారంలో ఒక సాయంత్రం వీడియో కాల్‌లో తన చేతి వేళ్ళు చూశాను. ఉంగరం చుట్టూ కండ పొంగి ఉంది. 'తీయి నాన్నా ఉంగరం' అంటే రాలేదు. మొహం కూడా నిండుగా ఉంది. పక్కనే ఉన్న మా వియ్యపురాలు 'ఒళ్ళు చేసింది వదినగారూ, కళగా ఉంది కదా' అన్నారు ప్రేమగా. కాళ్ళ వాపు చాలామందికి మామూలే. చేతులకీ మొహానికీ ఒక్కసారిగా నీరు పట్టిందంటే మాత్రం బీపీ చూడాల్సిందే. ఆ రాత్రే వెళ్ళి చూపిస్తే 148/96. మూత్రంలో ప్రోటీన్ రెండు ప్లస్‌లు.

ఆ వారమే తెనాలిలో సీమంతం పెట్టుకున్నాం. భోజనాలకి చెప్పేశాం, చీర కొన్నాం. ఆచారం ప్రకారం సీమంతం అయ్యాక తను ఇక్కడే ఉండిపోవాలి, పురుడు పుట్టింట్లో పోయాలి. మా పెద్దలందరూ అదే అన్నారు. 'మీ అమ్మ నర్సు, ఇంకేం భయం?' అన్నారు. నేను రెండు రోజులు నిద్రపోలేదు. చివరికి సీమంతం మానేశాం, తనని ఇక్కడికి తీసుకురాలేదు. నేనే నా బట్టలు సర్దుకుని హైదరాబాద్ వెళ్ళాను.

కారణం చెబుతాను, ఎందుకంటే ఇక్కడున్న మీలో చాలామంది ఏడో నెలలో అత్తవారి ఊరు నుంచి వచ్చినవాళ్ళో, వెళ్ళబోయేవాళ్ళో అయి ఉంటారు. మామూలు కాన్పుకి పుట్టింటికి రావడం చక్కటి ఆచారం. అమ్మ చేతి వంట, నిద్ర, మనసుకి ఊరట, వీటి విలువ నాకు తెలుసు. కానీ బీపీ, షుగరు, మాయ కిందికి ఉండటం, కవలలు, బిడ్డ ఎదుగుదల తక్కువ, ఇలాంటివి ఉన్నప్పుడు మొదటి నుంచీ చూస్తున్న డాక్టరుని ఏడో నెలలో మార్చడం అంటే, సగం చదివిన పుస్తకాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చి పరీక్ష రాయమన్నట్టు. పైగా నెలలు నిండకుండా పుట్టే బిడ్డకి ఊపిరి అందించే ఏర్పాటు, అంటే ముక్కుకి గాలి పట్టించే సీపాప్, వెంటిలేటర్ ఉన్న పసిపిల్లల ఐసీయూ అయిన ఎన్‌ఐసీయూ అదే ఆసుపత్రిలో ఉండాలి. బిడ్డ పుట్టాక అంబులెన్సులో ఇంకో ఊరికి తరలించడం కన్నా, కడుపులో ఉండగానే తల్లిని అక్కడికి చేర్చడం చాలా మేలు. అలాంటి బిడ్డకి తల్లి కడుపు కన్నా మంచి అంబులెన్సు లేదు. కాబట్టి మారాల్సి వస్తే, ఆరో నెలలోపే మారి, కొత్త డాక్టరుకి పాత కాగితాలన్నీ చూపించి, అక్కడే కొనసాగండి. మారాల్సిన అవసరం లేకపోతే అమ్మే వెళ్ళాలి. వియ్యపురాలి ఇంట్లో మూడు నెలలు ఉండటం ఏం బాగుంటుందని నన్నూ అడిగారు. మా వదినగారు ఇప్పుడు నాకు సొంత అక్కకంటే ఎక్కువ.

సీమంతం మానేశామన్నాను కదా, గాజులు మాత్రం వేశాం. ఆదివారం పొద్దున పక్క ఫ్లాట్ల వాళ్ళు ఐదుగురు వచ్చారు. తను మంచం మీద ఎడమ పక్కకి ఒరిగి పడుకునే రెండు చేతులూ చాపింది.

ఆ మధ్యాహ్నం జరిగిన మాటే ఇవాళ నా ప్రసంగానికి అసలు విషయం. భోజనాల దగ్గర మా అల్లుడుగారు నెమ్మదిగా అడిగారు: 'అత్తయ్యా, ఒకవేళ ముందే పుడితే ఏం చేయాలి? ఒకవేళ తనకి ఏమైనా...' మాట పూర్తి కాకుండానే ఒక పెద్దావిడ 'శుభమా అని గాజులు వేసుకున్న పిల్ల ముందు ఆ మాటలేంటి బాబూ' అని ఆపేశారు. ఆయన తల దించుకున్నారు. అందరం పప్పు గురించి మాట్లాడుకున్నాం.

ఆ పెద్దావిడ ప్రేమతోనే అన్నారు. మనందరిలోనూ ఆ భయం ఉంది. తథాస్తు దేవతలు ఉంటారని, చెడు పలికితే జరుగుతుందని. బిడ్డ పుట్టకముందే బట్టలు కొనకూడదని, ఉయ్యాల తేకూడదని. నేనూ ఆ ఇళ్ళల్లోనే పెరిగాను. కానీ వార్డులో ముప్పై రెండేళ్ళు నేను చూసింది వేరు. అర్ధరాత్రి 108లో వచ్చిన పిల్ల. బ్లడ్ గ్రూపు ఏమిటో భర్తకి తెలియదు. స్కాన్ రిపోర్టులు ఇంకో ఊళ్ళో బీరువాలో ఉంటాయి. సంతకం పెట్టమంటే మామగారిని అడగాలంటారు, మామగారి ఫోను కలవదు. ఆ పదిహేను నిమిషాలు, ఆ అరగంట, ఎవరో ఎప్పుడో 'అలాంటి మాటలు వద్దు' అన్నందుకు పోయిన సమయం. ఇది నేను కోపంతో అనడం లేదు, కళ్ళతో చూసి చెబుతున్నాను.

ఆ రాత్రి నేనే అందరినీ కూర్చోబెట్టాను. అమ్మాయి, అల్లుడుగారు, వదినగారు, అన్నయ్యగారు, నేను. 'ఆయన అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. అందరం జవాబు చెప్పుకుందాం' అన్నాను. రెండు గంటలు మాట్లాడుకున్నాం. ముందే పుడితే ఏ ఆసుపత్రి, ఎన్‌ఐసీయూలో రోజుకి ఎంతవుతుంది, ఇన్సూరెన్సు కొత్తగా పుట్టిన బిడ్డకి మొదటి రోజు నుంచీ వర్తిస్తుందా, అర్ధరాత్రి అయితే బండి ఎవరు నడుపుతారు, ఆయన ఊళ్ళో లేకపోతే సంతకం ఎవరు పెడతారు, తన గ్రూపు రక్తం ఉన్న స్నేహితులు ఇద్దరు ఎవరు. తను ఓ నెగటివ్. బిడ్డ తండ్రి పాజిటివ్. బిడ్డ పాజిటివ్ రక్తానికి తల్లి ఒంట్లో వ్యతిరేకత పుట్టకుండా 28వ వారంలో యాంటీ డి ఇంజెక్షన్, బిడ్డ పాజిటివ్ అయితే పుట్టాక 72 గంటల లోపు ఇంకొకటి. అదీ రాసుకున్నాం. చివర్లో అమ్మాయే అడిగింది, ఇద్దరిలో ఒకరినే కాపాడగలిగితే ఏం చేస్తారని. వదినగారు వెంటనే 'నువ్వే తల్లీ, అందులో ఆలోచనేముంది' అన్నారు. ఆ మాటకి తను ఏడ్చింది. తర్వాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. నెల రోజుల్లో మొదటిసారి అలా నిద్రపోవడం చూశాను.

చెడు మాట్లాడుకుంటే టెన్షన్ పెరుగుతుందని అనుకుంటాం. లోపల ఒంటరిగా ఆ ప్రశ్నల్ని మోస్తున్న పిల్లకి, అందరూ కలిసి జవాబు చెబితే భారం దిగుతుంది. ఇది నేను నా కూతురి మొహంలో చూశాను.

ఇక మేం ఇంట్లో చేసిన పనులు చెబుతాను, మీకు పనికొస్తాయి.

బీపీ మిషన్ కొన్నాం, చేతికి కట్టేది. అల్లుడుగారికి నేర్పాను. ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని ఊరికే కూర్చోవాలి, కాళ్ళు నేలకి ఆనాలి, మాట్లాడకూడదు. అంతకు అరగంట ముందు కాఫీ, టీ వద్దు. మూత్రానికి వెళ్ళి రావాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ చేతికి సరిపోవాలి, చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. పొద్దున, సాయంత్రం చూసి ఆయన కేలండర్ మీద రాసేవారు. ఎంత దాటితే డాక్టరుకి ఫోన్ చేయాలో, ఎంత దాటితే ఫోన్ కూడా చేయకుండా బయల్దేరాలో డాక్టరమ్మనే అడిగి ఆ కేలండర్ పైనే ఎర్ర పెన్నుతో రాశాం. 160/110 అంటే ఆలోచించడానికి లేదు, బయల్దేరడమే. అంకె మామూలుగా ఉన్నా తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, చూపు మసకబారడం, డొక్కలో కుడివైపు పైన, పక్కటెముకల కింద నొప్పి, ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏది వచ్చినా అంతే. డొక్క నొప్పిని గ్యాస్ అనుకుని సోడా తాగించిన కేసులు చాలా చూశాను.

తను పూర్తిగా మంచం దిగకూడదని కొందరన్నారు. ఎప్పుడూ పడుకునే ఉంటే కాళ్ళల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప ఇంట్లో మెల్లగా తిరగొచ్చు. ఉప్పు పూర్తిగా మానేయమని, నీళ్ళు తగ్గించమని కూడా చెప్పారు. వాపు ఉందని నీళ్ళు తగ్గించకండి, అది తప్పు. ఊరగాయలు, అప్పడాలు పక్కన పెట్టాం, కూరలో ఉప్పు మామూలుగానే వేశాం.

ఇప్పుడు చింతపిక్కల సంగతి. బిడ్డ కదలికలు లెక్కపెట్టమని డాక్టర్లు చెబుతారు. ఫోన్లో యాప్‌లు ఉన్నాయట. మేం ఒక గిన్నెలో పది చింతపిక్కలు వేసుకున్నాం. భోజనం చేశాక ఎడమ పక్కకి పడుకుని, బిడ్డ కదిలినప్పుడల్లా ఒక పిక్క తీసి ఖాళీ గిన్నెలో వేయాలి. రెండు గంటల్లో పదీ ఆ గిన్నెలోకి వెళ్ళాలి. వెళ్ళకపోయినా, రోజూ గెంతే బిడ్డ ఆ రోజు మెత్తబడినట్టు అనిపించినా, తెల్లవారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి వెళ్ళండి. చల్లటి నీళ్ళు తాగి చూద్దాం, తీపి తిని చూద్దాం అని గంటలు గడపొద్దు. మా వదినగారు రోజూ పక్కనే కూర్చుని 'ఆరు... ఏడు...' అని లెక్కపెట్టేవారు. తొమ్మిది దాకా వచ్చి పదోది ఆలస్యమైతే ఆవిడ శ్వాస కూడా ఆగేది.

వెనక వరసలో అమ్మాయి అడుగుతోంది, షుగర్ ఉన్నవాళ్ళ సంగతి చెప్పమని. క్లుప్తంగా చెబుతానమ్మా. గర్భంతో వచ్చే షుగర్‌కి మన దగ్గర 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, రెండు గంటలకి రక్తం చూస్తారు. 140 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్ ఉన్నట్టు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి చేయించుకోవాలి. వస్తే భయపడాల్సింది లేదు, చాలామందికి తిండిలో మార్పుతో, నడకతో సరిపోతుంది. పళ్ళెం నిండా అన్నం వద్దు, పప్పు, గుడ్డు, కూర ఎక్కువ పెట్టండి. 'ఇద్దరి కోసం తినాలి' అని అత్తగారు ఇంకో గరిటె వేయొద్దు. ఇన్సులిన్ రాస్తే అది బిడ్డకి హాని చేయదు, వేసుకోండి. కాన్పు అయ్యాక ఆరు వారాలకి మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి, ఇది అందరూ మర్చిపోతారు.

మాయ కిందికి ఉందని ఐదో నెల స్కానులో రాసినంత మాత్రాన కంగారు పడొద్దు. గర్భసంచి పెరిగేకొద్దీ చాలామందికి పైకి జరుగుతుంది. మళ్ళీ స్కాన్ చేస్తే తెలుస్తుంది. జరగకపోతే మాత్రం నొప్పి లేకుండా రక్తం కనిపించవచ్చు. ఒక్క చుక్క కనిపించినా వెళ్ళాలి. అలాంటి వాళ్ళు ఆసుపత్రికి అరగంట దూరంలోపు ఉండేలా చూసుకోండి, రక్తదాతల్ని ముందే మాట్లాడి పెట్టుకోండి. ఎర్ర ఐరన్ మాత్రలు మానకండి. మీ రక్తం, అంటే హిమోగ్లోబిన్, పదకొండు దాటి ఉంటే, అదే రక్తస్రావాన్ని మీ ఒళ్ళు తట్టుకుంటుంది. ఏడు ఉంటే తట్టుకోలేదు. ఐరన్, క్యాల్షియం ఒకేసారి వేసుకోకూడదు, రెండు గంటలైనా తేడా ఉండాలి. ఐరన్ వేసుకున్నాక కాఫీ వద్దు.

డబ్బు గురించి బెంగపడేవాళ్ళకి చెబుతున్నాను. ప్రతి నెల 9వ తారీఖున ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి డాక్టరు ఉచితంగా చూస్తారు. 2016 నుంచీ జరుగుతోంది. కష్టమైన కాన్పు అనిపిస్తే కార్డు మీద గుర్తు పెట్టి పై ఆసుపత్రికి రాస్తారు. ఆ గుర్తు చూసి సిగ్గుపడొద్దు, అది మీకు ముందు వరసలో చోటు ఇచ్చే గుర్తు. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, పుట్టిన బిడ్డ వైద్యం కూడా ఉచితమే. ఉద్యోగం చేసే అమ్మాయిలకి చట్టం 26 వారాల సెలవు ఇస్తోంది. గర్భం వల్ల జబ్బు చేసినా, నెలలు నిండకుండా కాన్పు అయినా ఇంకో నెల జీతంతో సెలవు అదే చట్టంలో ఉంది. మా అమ్మాయి ఆఫీసులో ఈ నెల సంగతి వాళ్ళకే తెలియదు. డాక్టరు సర్టిఫికెట్ పెట్టి అడిగితే ఇచ్చారు.

మళ్ళీ మా కథలోకి వస్తాను. ముప్పై ఒకటో వారంలో స్కాన్ చేస్తే ఉమ్మనీరు తగ్గింది, బిడ్డ బరువు ఆగింది. డాక్టరమ్మ ఆసుపత్రిలో ఉంచి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు. అన్నయ్యగారు 'స్టెరాయిడా' అని భయపడ్డారు. ఆ పేరు వింటే అందరూ భయపడతారు. ఇది బిడ్డ ఊపిరితిత్తుల కోసం. గాలి సంచులు మూసుకుపోకుండా తెరిచి ఉంచే ఒక పదార్థం నెలలు నిండేకొద్దీ తయారవుతుంది. ముందే పుట్టే బిడ్డలో అది చాలదు. ఈ ఇంజెక్షన్ దాన్ని త్వరగా తయారు చేయిస్తుంది. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టరు గొర్రెల మీద పరిశోధన చేస్తుంటే, ఈ రకం మందు తగిలిన గొర్రెపిల్లలు నెలలు నిండకుండా పుట్టినా ఊపిరి తీసుకోవడం గమనించాడు. హోవీ అనే ఇంకో డాక్టరుతో కలిసి తల్లులకి ఇచ్చి చూసి, 1972లో ఆ ఫలితం ప్రకటించాడు. అప్పటి నుంచి ఎంతమంది పిల్లలు ఆ సూదితో బతికారో. నా మనవరాలు వాళ్ళలో ఒకతి.

ఏడో నెల పిల్లలు బతుకుతారు, ఎనిమిదో నెల పిల్లలు బతకరు అని మన పెద్దవాళ్ళు అంటారు. ఆ మాట నమ్మి ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ మీద ముందే ఆశ వదులుకున్న ఇళ్ళు ఉన్నాయి. అది నిజం కాదు. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకి బలమే. ఎనిమిదో నెల బిడ్డకి ఏడో నెల బిడ్డ కన్నా అవకాశం ఎక్కువ.

ఇంజెక్షన్లు అయ్యాక ఇంటికి పంపారు. ముప్పై రెండు వారాల రెండు రోజులకి, రాత్రి రెండు గంటలకి తలనొప్పితో లేచింది. కళ్ళ ముందు మిణుగురు పురుగుల్లా మెరుస్తున్నాయంది. అల్లుడుగారు పట్టీ కట్టారు. 172/112. ఎవ్వరం ఎవరినీ ఏమీ అడగలేదు. రిపోర్టుల ఫైలు గుమ్మం పక్కన వేలాడుతోంది, సంచీ సర్ది ఉంది. వదినగారు ముందే ఫోన్ చేసి చెప్పారు. ఇరవై ఐదు నిమిషాల్లో ఆసుపత్రిలో ఉన్నాం. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ పెట్టారు. అది ఎక్కుతుంటే ఒళ్ళంతా మంట పుట్టినట్టు ఉంటుంది, ముందే చెప్పి ఉంచాను కాబట్టి తను భయపడలేదు. చవకైన మందు. 2002లో 33 దేశాల్లో పదివేల మందికి పైగా తల్లుల మీద చేసిన పరిశోధనలో ఫిట్స్ ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గించింది. బీపీ కాస్త అదుపులోకి వచ్చాక, తెల్లవారుజామున ఆపరేషన్ చేశారు.

ఆడపిల్ల. 1,380 గ్రాములు. పుట్టగానే ఏడ్చిందట. ఆ ఏడుపు నాకు వినిపించలేదు, తలుపు బయట ఉన్నాను కదా.

ముప్పై నాలుగు రోజులు ఎన్‌ఐసీయూలో ఉంది. మొదటి మూడు రోజులు ముక్కుకి సీపాప్. నోట్లో సన్నటి గొట్టంతో పాలు, మొదట్లో ఒక్కోసారి రెండు మిల్లీలీటర్లే. ఆ రెండు మిల్లీలీటర్లు తల్లి పాలే కావాలి, పేగులకి అవే రక్ష. ఆపరేషన్ అయిన ఆరు గంటలకే చేత్తో పాలు పిండించడం మొదలుపెట్టాను. మొదటిసారి మూడు చుక్కలు వచ్చాయి. 'ఇవేం సరిపోతాయమ్మా' అని ఏడ్చింది. రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, పిండుతూనే ఉంటే ఐదో రోజుకి గిన్నె నిండింది. కడుపులో ఉన్న వారాలతో కలిపి ముప్పై నాలుగు వారాలు దగ్గరికి వచ్చేదాకా పీల్చడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కలిపి చేయడం ఆ పిల్లలకి చేతకాదు. అందుకని గొట్టం తీశాక ఉగ్గుగిన్నెతో పట్టాం. మా అమ్మ నాకు ఉగ్గు పట్టిన వెండి గిన్నె అది, నీళ్ళల్లో మరిగించి వాడాం.

పిల్ల కాస్త నిలదొక్కుకోగానే కంగారూ పద్ధతి. బిడ్డకి టోపీ, మేజోళ్ళు, లంగోటీ మాత్రమే ఉంచి, తల్లి గుండెల మధ్య చర్మానికి చర్మం తగిలేలా నిటారుగా పెట్టి గుడ్డతో కట్టాలి. 1978లో కొలంబియా దేశం బొగోటా నగరంలో ఎడ్గర్ రే అనే డాక్టరు, పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు (ఇంక్యుబేటర్లు) చాలక తల్లుల చేత ఇలా చేయించాడు. ఇప్పుడు ప్రపంచమంతా చేస్తోంది. తల్లి నీరసంగా ఉన్నప్పుడు తండ్రి కూడా చేయొచ్చు. మా అల్లుడుగారు చొక్కా విప్పి రోజుకి నాలుగు గంటలు కూర్చునేవారు.

పుట్టకముందు బట్టలు కొనకూడదన్న మాట మేం కాదనలేదు. కొనలేదు. వదినగారి పాత నేత చీరలు, అన్నయ్యగారి పాత పంచెలు ఉతికి, ఎండలో ఆరేసి, ముక్కలు చేసి, కుట్టి, మడతపెట్టి సంచీలో ఉంచాం. కొట్లో దొరికే బట్టలు ఆ పిల్లకి రెండింతలు ఉండేవి, ఈ గుడ్డలే పనికొచ్చాయి. తల్లికి ముందు వైపు గుండీలున్న నైటీలు ఉండాలి. ఆ సంగతి ఎవరూ చెప్పరు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కాన్పు అయిపోయింది కాబట్టి బీపీ పోయిందనుకోకండి. మొదటి రెండు రోజులు చాలా జాగ్రత్త, ఆ తర్వాత కూడా ఆరు వారాల దాకా ఫిట్స్ రావచ్చు. బాలింతకి తలనొప్పి వస్తే చలిగాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి ఊరుకోకండి, బీపీ చూడండి. నీళ్ళు అడిగితే ఇవ్వండి. పాలిచ్చే పిల్లకి నీళ్ళు కట్టడి చేయడం నాకు అసలు నచ్చని పథ్యం. ఈ బీపీ వచ్చినవాళ్ళకి ముందు ముందు బీపీ, గుండె జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ, కాబట్టి ఏడాదికోసారైనా చూపించుకోవాలి.

ఇరవై ఒకటో రోజున బారసాల చేయాలి. పిల్ల ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. తను ఆ రోజంతా మాట్లాడలేదు. సాయంత్రం అడిగితే 'నా ఒంట్లోనే ఏదో లోపం ఉందమ్మా, నెలలు మోయలేకపోయాను' అంది. నర్సుగా నా దగ్గర దానికి జవాబు ఉంది: మాయకి రక్తనాళాలు సరిగ్గా అల్లుకోకపోవడం వల్ల ఈ జబ్బు మొదలవుతుంది, అది మొదటి నెలల్లోనే జరిగిపోతుంది, తను తిన్నదాని వల్లా కాదు, ఉద్యోగం చేసినందువల్లా కాదు. అదంతా చెప్పాను. కానీ తనకి నిజంగా ఊరట ఇచ్చింది వదినగారు. వార్డు బయట బెంచీ మీద పక్కన కూర్చుని, 'నీ వల్ల ముందే పుట్టింది కాదు తల్లీ, నువ్వు తలనొప్పి అని లేపావు కాబట్టి పుట్టింది' అన్నారు. అత్తగార్లూ, మీ నోట్లో ఎంత శక్తి ఉందో మీకు తెలియదు. ఎవరైనా మీ ముందు 'ఏం తిందో, ఎక్కడ తొక్కిందో' అంటే మీరే అడ్డుపడండి.

పిల్ల 1,900 గ్రాములు అయ్యాక ఇంటికి తెచ్చాం. బారసాల మూడో నెలలో చేశాం.

చివరగా ఒక పని. అటు బల్ల దగ్గర మా జూనియర్ సిస్టర్లు ఇద్దరు బీపీ మిషన్లతో కూర్చున్నారు, అందరూ చూపించుకుని, అంకె మీ కార్డులో రాయించుకుని వెళ్ళండి. మీ బ్లడ్ గ్రూపు తెలియని వాళ్ళు చెప్పండి, రేపు ఆసుపత్రిలో చూపించే ఏర్పాటు చేస్తాం. భర్తలు ఆగండి, పట్టీ కట్టడం మీకే నేర్పిస్తాం. ఆ పళ్ళెంలో కాగితం పొట్లాలు ఉన్నాయి. నేనూ వదినగారూ కూర్చుని కట్టాం, ఒక్కోదాంట్లో పది చింతపిక్కలు. ఏడో నెల దాటిన ప్రతి అమ్మాయీ ఒకటి తీసుకోండి.